కత్తెరక్క విప్పి కుట్టిన నవల

కత్తెరక్క సాధించిన మొదటి విజయం ఒక కోటు. బ్యాండు మాస్టారి కోటు. ఆయన ఎడమ భుజం కుడి భుజం కన్నా రెండు వేళ్ల మందం కిందికి ఉండేది. పేరుమోసిన దర్జీలందరూ టేపు వేసి చూసి, పెదవి విరిచి, మీకు కోటెందుకు మాస్టారూ అని మర్యాదగా గుమ్మం చూపించినవాళ్లే. అప్పటికి కత్తెరక్క ఒక మెట్ల కింద గదిలో పాత మిషను వేసుకుని పిల్లల గౌన్లు కుట్టుకుంటోంది. కోటు లోపల ఏముంటుందో ఆమెకు తెలియదు. తెలియదని ఒప్పుకునే రకమూ కాదు. పాతబట్టల అంగట్లో చిరిగిన కోటొకటి సంపాదించి, పోగు పోగూ విప్పి, ఏ ముక్క ఎక్కడ కూర్చుందో చూసుకుని, మళ్లీ యథాతథంగా కుట్టింది. ఆ తర్వాతే మాస్టారి గుడ్డ మీద చెయ్యి వేసింది. కుట్టింది, విప్పింది, మళ్లీ కుట్టింది, మళ్లీ విప్పింది. ఆఖరికి ఎడమ భుజంలో పొరలు పొరలుగా దూదిమెత్త పెట్టి ఆయన్ని అద్దం ముందు నిలబెడితే, రెండు భుజాలూ గీత గీసినట్టు సమానంగా వచ్చాయి. మాస్టారు అటు తిరిగి చూసుకున్నాడు, ఇటు తిరిగి చూసుకున్నాడు, ఈల వేసుకుంటూ వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి ఆ మెట్ల కింద గదికి మనుషుల రాక మొదలైంది.

ఆ తర్వాతవి చెప్పుకుంటూ పోతే చాంతాడంత అవుతుంది. అయినా చెప్పుకోవలసినవి చెప్పుకోకపోతే ఎలా? నాటకశాల పెద్ద తెరకు నిప్పంటుకుని నడిమధ్య కాలితే, ముందు వరసలో కూర్చున్నవాడు కూడా ఆనవాలు పట్టలేనట్టు అతుకు వేసింది ఆమే. ఆసుపత్రి నర్సులకు వంగినా లేచినా ఎక్కడా పట్టెయ్యని యూనిఫారం కుట్టింది ఆమే. చక్రాల కుర్చీలో తిరిగే పోస్టాఫీసు గుమాస్తాకు ఒడి తడవని వానకోటు కుట్టిందీ ఆమే. ఒకే ఒక్క గది ఉన్న బడిలో చదువుకున్న మనిషి, మెట్ల కింద నుంచి బజారు మలుపులో రెండు షట్టర్ల దుకాణం దాకా ఎదిగింది. మెడలో టేపుతో పాటు కత్తెర కూడా వేలాడుతుందని కొందరు, నోట్లో మరొకటి ఉందని ఇంకొందరు ఆమెకా పేరు పెట్టారు. రెండూ నిజమే.

ఆ దుకాణంలో మిషను పక్క గోడకు ఒక మేకు ఉంది. ఎవరైనా వదులైందనో, బిగువైందనో వెనక్కి తెచ్చిన బట్ట ఆ మేకుకు వేలాడుతుంది. అది సరిచేసి దించేదాకా కత్తెరక్క కొత్త గుడ్డ మీద సుద్ద గీత కూడా గీయదు. ఆల్టరేషనుకు అణా పైసా అడగదు, ఎదురు వాదించదు. తొడుక్కునేవాడు బాగాలేదన్నాక కుట్టినవాడు బాగుందనడమేమిటని ఆమె లెక్క. ఆ మేకు ఏనాడూ ఎక్కువ సేపు నిండుగా ఉండలేదు. అదీ ఆమె గర్వం.

యాభై దాటాక నవల రాసింది. బట్టల కొలతలు గీసుకునే గోధుమరంగు కాగితాలకు వెనక వైపు, మధ్యాహ్నం దుకాణం మూసిన వేళల్లో రాసింది. బట్టల మిల్లులో చిరుగులు అల్లే పనిచేసే ఒక ఆడమనిషి కథ అది. అందులో ఎనిమిదో ప్రకరణం ఆమె అన్నిటికన్నా ముందు రాసినది. ఆ ఆడమనిషి బస్టాండులో తమ్ముడి కోసం పొద్దుట నుంచి సాయంత్రం దాకా ఎదురుచూస్తుంది. తమ్ముడు రాడు. వచ్చేపోయేవాళ్ల చొక్కాలు, చినుగులు, అతుకులు చూస్తూ కూర్చుంటుంది. అంతే. మిగతా నవలంతా కత్తెరక్క ఆ ముక్క చుట్టూ కుట్టుకుంటూ పోయింది. ప్రెస్సాయన అచ్చువేశాక జిగురుతో అంటిస్తానంటే ఒప్పుకోలేదు, దారంతోనే కుట్టించింది. జిగురు మీద ఆమెకు నమ్మకం లేదు. పత్రికకు పంపినది తప్ప ప్రతులన్నీ ఆమె కుట్టిన బట్టలు తొడుక్కునే వాళ్లకే చేరాయి. ట్రయలు గదిలోంచి బయటికి వస్తూ ఒకరు, బొత్తాలు పెట్టుకుంటూ ఒకరు, బాగా రాశావక్కా అన్నారు. ఆమె రెండో నవలకు కాగితాలు కోసి పెట్టుకుంది.

అప్పుడు లెక్చరరు గారి సమీక్ష వచ్చింది.

లెక్చరరు గారంటే కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరై, వారపత్రికలో పుస్తకాల పేజీ రాసే పెద్దమనిషి. మొహమాటానికి పుట్టినవాడు కాదు. "రచయిత్రికి చెయ్యి ఉంది, కొలత లేదు" అని మొదలుపెట్టాడు. ఎనిమిదో ప్రకరణంలో ఎవరూ రారు, ఏమీ జరగదు, అది లైనింగు లోపల చెయ్యి అందని చోట కుట్టిన జేబు లాంటిదన్నాడు. దాన్ని కోసేస్తే కథకు నెత్తురు చుక్క కూడా రాదన్నాడు. ముగింపు మాటకొస్తే, బస్సు వెళ్లిపోతోందని చేతికందింది సంచీలో కుక్కినట్టు ఉందన్నాడు.

వేరే మాటల్లో తిట్టి ఉంటే ఆమె దులిపేసుకునేదేమో. ఆమె పనిలోని మాటలతోనే ఆమెను కుట్టాడు. నోట్లో గుండుసూదులు పట్టుకుని ఆ పేజీ చదివిన కత్తెరక్క, వాటిని ఒక్కొక్కటే తీసి దిండుకు గుచ్చింది. తర్వాత ఆ పేజీ చింపి, తీసుకెళ్లి మేకుకు తగిలించింది.

కాజాల పిన్ని కళ్లజోడు పైకి తోసుకుని చూసింది. పిన్ని కత్తెరక్కకు వరసకు పిన్నే, దుకాణంలో కాజాలూ అంచులూ కుట్టేది ఆమే, ఊళ్లో వార్తలకు కాళ్లూ ఆమే.

"అదేంటే, బట్టలు వేలాడదీసే చోట కాగితం?"

"కంప్లయింటు పిన్నీ."

"ఆయన నీ దగ్గర ఏం కుట్టించుకున్నాడని కంప్లయింటు?"

అప్పటి నుంచి కత్తెరక్కకు కాలు ఒకచోట నిలవలేదు. మిషను మీద కూర్చునేది, లేచేది. షట్టరు దాకా వెళ్లేది, వీధి అక్కడే ఉందో లేదో చూసినట్టు చూసి తిరిగొచ్చేది. కుడి చెయ్యికి కోసిన గుడ్డను ఎడమ చెయ్యికి పెట్టి కుట్టేసింది. అలాంటి పొరపాటు గౌన్లు కుట్టే రోజుల్లో కూడా చెయ్యలేదు. రెండో నవల కాగితాలు ముందు పెట్టుకుంటే పెన్ను కదలదు. కదిలేదెలా? మేకు ఖాళీ లేదు. సమీక్ష ఆమెకు నోటికి వచ్చేసింది. కుళాయి దగ్గర బకెట్ నిండుతుంటే "చెయ్యి అందని జేబు" అని గొణుక్కునేది. బస్సు స్టాపులో లెక్చరరు గారు కనబడితే ఆయన ముఖం కాక ప్యాంటు అంచు చూసింది. కుడి కాలు వైపు కుట్టు ఊడి వేలాడుతోంది. ఆ ఊడిన అంచు చూసి ఆమెకు కొంత ఊరట కలిగింది. ఆ ఊరట ఇంటి గుమ్మం దాకా కూడా నిలవలేదు.

భర్త ఊరి నీళ్ల పంపుల దగ్గర ఆపరేటరు. పంపుల ఆయన అని పిలుస్తారు. నీళ్లు రాని రోజున తిట్లు తినడం ఆయనకు ఉద్యోగంలో భాగం. భార్య అన్నం కలిపి తినకుండా లేచిపోవడం చూసి, తన అనుభవం అంతా కలిపి ఒక సలహా చెప్పాడు. తిట్టేవాళ్లు ఉన్నారంటే గొట్టంలో నీళ్లు వాళ్ల ఇంటిదాకా చేరుతున్నాయనే అర్థం, చెవికి ఎక్కించుకోకు అన్నాడు. పిన్ని మాత్రం లెక్చరరు గారు పాఠాలు చెప్పేటప్పుడు ఏనాడూ నవ్వేవాడు కాదనీ, పిల్లలు కిటికీలోంచి దూకిపోయేవారనీ ఊరంతా తిరిగి పోగుచేసుకొచ్చిన సమాచారం విన్నవించింది. చెల్లెలు, వేరే ఊళ్లో నర్సుగా పనిచేసేది, ఫోనులో ఘాటుగా ఒక జవాబు రాసి పత్రికకు పడెయ్యమంది. కత్తెరక్క జవాబూ రాసింది. మొదటిది తిట్టుగా వచ్చింది, రెండోది ఏడుపుగా వచ్చింది. మూడోది రాస్తుంటే సమీక్ష కన్నా పొడుగైంది. మూడూ చింపింది. తొడుక్కునేవాడితో వాదించే అలవాటు ఆమెకు లేదు, ఇప్పుడెక్కడి నుంచి వస్తుంది?

మరి ఏం చెయ్యాలి? ఒక మధ్యాహ్నం ఆ మేకు వంక చూస్తూ చూస్తూ లేచి నిలబడింది. జన్మంతా చేసిన పనే చెయ్యాలి అనుకుంది. ఆల్టర్ చెయ్యాలి.

సంచీ భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగింది. ఆ నవల ఒకసారి ఇవ్వండి, కొంచెం వదులుగా ఉందట, సరిచేసి తెచ్చి ఇస్తాను అంది. జనం ఆమె చేతికి బట్టలు ఇచ్చి అలవాటుపడ్డవాళ్లు, పుస్తకమూ అలాగే ఇచ్చేశారు. పోస్టాఫీసు గుమాస్తా మాత్రం ఇంకా సగమే చదివాననీ, చదివిన సగం తీసుకెళ్లి మిగతా సగం వదిలేయమనీ అన్నాడు. చెల్లెలు నర్సుల క్వార్టర్సులో పంచిన ప్రతులన్నీ మూట కట్టి బస్సులో పంపింది, పంపుతూ నీకు పిచ్చి ముదిరిందక్కా అని కూడా చెప్పి పంపింది.

కత్తెరక్క కటింగు బల్ల మీద పుస్తకాలు పరిచి, అట్ట ఒలిచి, వెన్నులో కుట్టు విప్పింది. ఎనిమిదో ప్రకరణం ఒక్కొక్క దాంట్లోంచి మెల్లగా లాగి, మిగతాదంతా దగ్గరకు చేర్చి, మైనం పట్టించిన దారంతో మళ్లీ కుట్టింది. చేతి పనికి వంకపెట్టే వీలే లేదు. పేజీల అంకెలు మధ్యలో గెంతాయి గానీ, అంకెలెవరు చూస్తారనుకుంది. తీసేసిన ప్రకరణాలన్నీ పారెయ్యలేక, గుడ్డ అంచుల పేలికతో కట్ట కట్టి బీరువాలో పెట్టింది. కట్టిన కట్టను విప్పి, చూసి, మళ్లీ కట్టింది. ముడి సరిగ్గా పడలేదనుకుంది.

పంపుల ఆయన గుమ్మంలో నిలబడి ఇదంతా చూశాడు.

"ఇదిగో, ఒక మాట అడుగుతాను, కోప్పడకు. అది నువ్వు అన్నిటికన్నా ముందు రాసింది కదా?"

"అయితే?"

"ఏం లేదు. అడిగానంతే." చెప్పులు వేసుకుని పంపుహౌసుకు వెళ్లిపోయాడు.

సరిచేసిన పుస్తకాలు ఇళ్లకూ, నర్సుల క్వార్టర్సుకూ తిరిగి చేరాయి. ఇక ట్రయలు ఒక్కటే మిగిలింది. కంప్లయింటు ఇచ్చిన మనిషి తొడిగి చూసి సరే అంటేనే మేకు ఖాళీ అవుతుంది. సరిచేసిన ప్రతి ఒకటి పట్టుకుని కత్తెరక్క లెక్చరరు గారింటికి వెళ్లింది. ఆయన వరండాలో మొక్కలకు నీళ్లు పోస్తున్నాడు. ఆమెను చూసి గొడవకు వచ్చిందనుకున్నాడు కాబోలు, నీళ్ల మగ్గు అడ్డంగా పట్టుకున్నాడు. ఆమె పుస్తకం చాపి, తీసేశానండీ, ఇప్పుడు చూడండి అంది.

"ఏం తీసేశారు?"

"మీరు కోసెయ్యమన్న ప్రకరణం."

ఆయన కూర్చున్నాడు. మగ్గు పక్కన పెట్టి, పుస్తకం తిప్పి తిప్పి వెన్ను చూశాడు, కుట్టు చూశాడు. ఏడో ప్రకరణం నుంచి చదవడం మొదలుపెట్టాడు. ఆమె ఎదుట నిలబడింది. ట్రయలు గది బయట నిలబడ్డట్టే నిలబడింది, చేతివేళ్లు టేపు చివర్ని చుడుతూ విప్పుతూ. ఆయన తొమ్మిదో ప్రకరణంలోకి వచ్చి ఆగాడు. వెనక్కి తిప్పాడు. మళ్లీ ముందుకు తిప్పాడు.

"ఈమె గొడుగేదమ్మా?"

"ఏ గొడుగండీ?"

"గొడుగు వేసుకుని ఇంట్లోంచి బయల్దేరింది. ఇక్కడేమో తడిసి ముద్దై వచ్చింది. గొడుగెక్కడ పోయింది?"

"బస్టాండులో మరిచిపోయిందండీ. అది ఎనిమిదో దాంట్లో ఉంది."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తను కుర్చీలో కూర్చుని తనకు తోచింది రాశాననీ, ఆవిడ నిజంగా కత్తెర పట్టుకుంటుందని కలలో కూడా అనుకోలేదనీ చెప్పాడు. కంప్లయింటు వస్తే ఆల్టర్ చెయ్యడం మా పద్ధతండీ అని కత్తెరక్క బదులిచ్చింది.

"ముగింపు గురించి కూడా అన్నానుగా. దాన్నేం చెయ్యలేదేం?"

ఆమె తలొంచుకుంది. "గుడ్డ మిగల్లేదండీ. ముందంతా ధారాళంగా కోసేసుకున్నాను. చివరికొచ్చేసరికి అంచు మడవడానికే చాల్లేదు."

లెక్చరరు గారు నవ్వాడు. పాఠాలు చెప్పేటప్పుడు నవ్వేవాడు కాదన్నది నిజమో కాదో గానీ, ఇప్పుడు బాగానే నవ్వాడు. "ఆ మాట మాత్రం నేను వెనక్కి తీసుకోను."

"తీసుకోవద్దు. అది నాకూ తెలుసు."

"ఎనిమిదోదీ తీసుకోను. నాకది ఇప్పటికీ పొడుగే. కానీ ఇప్పుడిక్కడ గొయ్యి పడింది. ఏం చెయ్యాలో నాకు తెలియదమ్మా. నేను రాసేవాణ్ని కాదు, చదివేవాణ్ని."

అది సరే అన్నట్టూ కాదు, కాదన్నట్టూ కాదు. కత్తెరక్క వెళ్లినప్పటి కన్నా అధ్వాన్నంగా తిరిగొచ్చింది. ఇప్పుడు ఉంచినా తప్పే, తీసినా తప్పే. గొడుగు గురించి ఒక చిన్న వాక్యం అచ్చు వేయించి ప్రతి పుస్తకంలోనూ అతికిస్తే ఎలా ఉంటుందా అని దారి పొడవునా ఆలోచించింది. పిన్నితో చెబితే, ఇంకా నయం, గొడుగే కొని ప్రతి పుస్తకంలోనూ పెట్టమంది. మేకు మీద కాగితం గాలికి టపటపలాడుతుంటే దాని మీద చెయ్యి పెట్టి ఆపింది. చెయ్యి తీస్తే మళ్లీ టపటప.

ఇంకొక ప్రతి మిగిలి ఉంది. బ్యాండు మాస్టారిది. ఆయన ముసలివాడయ్యాడు, ఊదడం మానేశాడు. పార్కు వెనక ఒక గదిలో ఉంటూ, కుర్రాళ్ల వాయిద్యాలకు సొట్టలు తీసి మెరుగుపెట్టి ఇస్తుంటాడు. అన్నీ చేశాక ఆ ఒక్కటీ ఎందుకు వదలాలని, గొడుగు సంగతి తేలకుండానే కత్తెరక్క అక్కడికి బయల్దేరింది.

మాస్టారు మంచం మీద కూర్చుని ట్రంపెట్టును గుడ్డతో రుద్దుతున్నాడు. ఆమె సంచీ చూడగానే ఆయనకు అర్థమైనట్టుంది. పిన్ని కాళ్లు ఆ గది దాకా కూడా వెళ్లి ఉంటాయి. దిండు పక్కనున్న పుస్తకం తీసి, చక్కగా తన కింద పెట్టుకుని, దాని మీద కూర్చున్నాడు.

"మాస్టారూ, పుస్తకం ఒకసారి ఇవ్వండి."

"దేనికి?"

"కొంచెం వదులైందట. సరిచేసి ఇస్తాను."

"ఎవరికి వదులైంది?"

"లెక్చరరు గారికి."

"అయితే ఆయనది ఆయనకి సరిచెయ్యి. నాది నాకు సరిపోయింది."

ఆమె నచ్చజెప్పబోయింది. అందులో ఏమీ జరగదు మాస్టారూ అంది. తన నోటి నుంచే ఆ మాట రావడం ఆమెకే వింతగా వినబడింది. అందుకే నాకది కావాలి అన్నాడు ఆయన. ఊదేవాడికి పాటలో ఎక్కడో ఒకచోట మిగతావాళ్లందరూ వాయించే జాగా ఉండాలి, అక్కడ వీడు ఊపిరి తీసుకోవాలి, లేకపోతే ఆఖరి చరణానికి గుడ్లు తేలేస్తాడు అన్నాడు. ఆమె ముఖం ఇంకా తేరుకోకపోవడం చూసి, తలుపు వెనక చూపించాడు.

"ఆ కోటు తియ్యి."

తలుపు వెనక కొక్కానికి ఆ కోటే ఉంది. మోచేతుల దగ్గర నలిగి, కాలరు అంచున దారాలు బయటపడి, అయినా నిటారుగా వేలాడుతోంది. కత్తెరక్క దాన్ని అందుకుంది. కోటు చేతికి వస్తే ఆమె వేళ్లు ముందు భుజానికే వెళతాయి. ఎడమ భుజం మీదికి వెళ్లిన వేళ్లు అక్కడే ఆగిపోయాయి. లోపల ఏమీ లేదు. ఉత్త గుడ్డ.

"మెత్తేదీ?"

"తీసేశాం."

"ఎప్పుడు?"

"నువ్వు ఇచ్చిన కొత్తలోనే. మా ఆవిడ బ్లేడు పెట్టి కోసి, మళ్లీ కుట్టేసింది."

ఆమె లైనింగు తిప్పి చూసింది. నల్లదారంతో పెద్ద పెద్ద కుట్లు, గోనెసంచీ మూతి కుట్టినట్టు. బ్లేడు పెట్టి! పొరలు పొరలుగా, కుట్టి విప్పి, విప్పి కుట్టి పెట్టిన మెత్త. కోటుతో సహా మంచం పట్టె మీద కూలబడింది. రెండు షట్టర్ల దుకాణం ఆ మెత్త మీదే లేచిందని ఇన్నేళ్లుగా ఊరందరికీ చెప్పుకుంది. పేరు వచ్చిందీ దానితోనే, ధైర్యం వచ్చిందీ దానితోనే.

"అద్దంలో చాలా బాగుండేదిలే," అన్నాడు మాస్టారు, ఓదారుస్తున్నట్టు. "ట్రంపెట్ ఎత్తితేనే అడ్డం పడేది. అసలు ఈ భుజం వంగిందే ఊది ఊది. దాన్ని లేపి కూర్చోబెడితే చెయ్యి ఆడేది కాదు."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెబితే ఊరుకుంటావా? మొత్తం విప్పి పోగులు పెడతావు. నాకు పడనిది ఆ మెత్త ఒక్కటే. మిగతా కోటంతా పడింది. ఊదినన్నాళ్లూ అదే తొడుక్కున్నాను. ఇంకో కోటు కుట్టించుకున్నానా, నువ్వే చెప్పు?"

కుట్టించుకోలేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు.

కత్తెరక్క కోటు ఒళ్లో పెట్టుకుని ఆ మొరటు కుట్ల మీద వేలు నడిపించింది. విప్పి నీటుగా కుడదామని చెయ్యి దురద పెట్టింది. పెట్టినా ఆగింది. మెత్త వద్దన్నది ఈ భుజం. ఇంకో భుజమైతే ఉంచుకునేదేమో. ఈయన తనకు కావలసినంత కోసుకుని మిగతాది తొడుక్కున్నాడు గానీ, ఊళ్లో కోట్లన్నిటికీ మెత్తలు పీకించలేదు. తనో? ఒక్క మనిషి కొలత చూసి ఊరందరి పుస్తకాలూ కోసుకొచ్చింది. గుమాస్తా పుస్తకం, నర్సుల పుస్తకాలు, అన్నీ లెక్చరరు గారి నడుముకి. రెడీమేడ్ దుకాణం వాళ్లు చేసే పని అది. వాళ్లను జీవితమంతా చిన్నచూపు చూసి, ఆఖరికి తనూ అదే పని చేసింది. కోటు మళ్లీ కొక్కానికి తగిలించి, భుజాల దగ్గర అలవాటుగా ఒకసారి సవరించి, వస్తాను మాస్టారూ అంది. ఆయన పుస్తకం మీద నుంచి లేవకుండానే తలూపాడు. ఆమెను పూర్తిగా నమ్మినట్టు లేడు.

దుకాణానికి వచ్చి బీరువా తెరిచి, పేలిక కట్టు విప్పి, ఎనిమిదో ప్రకరణాలన్నీ బల్ల మీద పరిచింది.

"మళ్లీ ఏంటే ఇది?" అంది పిన్ని.

"తిరిగి పెడుతున్నాను."

"ఈసారి జిప్పు పెట్టించు. తియ్యడం, వెయ్యడం సులువుగా ఉంటుంది."

పిన్ని అలా అంటూనే సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది.

మళ్లీ ఇల్లిల్లూ తిరుగుడు. ఈసారి పద్ధతి మారింది. పుస్తకం లాక్కోలేదు. బస్టాండు ప్రకరణం ఉంచమంటారా, తీసెయ్యమంటారా అని ఒక్కొక్కరినీ అడిగింది, పొడుగు చేతులా పొట్టి చేతులా అని అడిగినట్టే. పోస్టాఫీసు గుమాస్తా పెట్టేసి వెళ్లమన్నాడు. నాటకశాల మేనేజరు, అది లేకపోతేనే కథ గబగబా నడుస్తోంది, వద్దులే అక్కా అన్నాడు. ఆమె సంచీలోంచి సగం తీసిన ప్రకరణాన్ని మళ్లీ లోపల పెట్టి, సరేనండీ అని ఆ పుస్తకం అలాగే వదిలేసింది. ఆ ఇంటి మెట్లు దిగుతూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. లెక్చరరు గారు మాత్రం పెట్టెయ్యమన్నాడు. చదవడానికి కాదు, గొడుగు ఎక్కడుందో తెలిసి ఉండాలి కదా అన్నాడు. ఆయన ప్యాంటు అంచు ఇంకా ఊడే ఉంది. ఆమె అక్కడే వరండాలో ఆయన్ని నిలబెట్టి, కింద కూర్చుని, సూది తీసి ఆ అంచు కుట్టేసింది. ఆయన వద్దు వద్దంటూనే కాలు కదపకుండా నిలబడ్డాడు.

ఆ సాయంత్రం మేకు దగ్గరికి వెళ్లి సమీక్ష దించింది. చింపుతుందేమోనని పిన్ని చూస్తోంది. చింపలేదు. గిరాకీల కొలతల కాగితాలు పెట్టుకునే సొరుగు లాగి, లెక్చరరు గారి పేరు రాసి, అందరి కొలతల మధ్య దీన్నీ పెట్టింది. ఆయన కొలత ఆయనది. మళ్లీ వస్తే పనికొస్తుంది. మేకు ఖాళీ అయింది. అయినా పోయిన పన్ను చోటికి నాలుక వెళ్లినట్టు ఆమె కళ్లు కాసేపు అటే పోతూ వచ్చాయి.

రెండో నవల కాగితాలు ముందు పెట్టుకుంది. ఈసారి ముందే అంచుకు గుడ్డ మిగుల్చుకుంది, అంటే ముగింపు ముందు రాసింది. అది వచ్చింది. ఆగి ఆగి, పక్కకు పోయి, తిరిగొచ్చి, మొత్తానికి వచ్చింది. లెక్చరరు గారికి చెప్పాలనిపించింది. చెప్పలేదు. ఇంకా కుట్టాల్సింది బోలెడు ఉంది.

మిగిలింది నర్సుల క్వార్టర్సు. పుస్తకాలు మళ్లీ మూట కట్టి పంపమని ఫోను చేస్తే చెల్లెలు భగ్గుమంది.

"అక్కా, ఒకసారి పంపాను. ఇంకోసారి పంపమంటే వాళ్లు నన్ను వార్డులోంచి గెంటేస్తారు. నువ్వే రా. నీ సూది నువ్వే తెచ్చుకో. అందర్నీ నువ్వే అడుగు."

అందుకని కత్తెరక్క ప్రయాణం పెట్టుకుంది. సంచీలో ఎనిమిదో ప్రకరణాల కట్ట, మైనపుదారం, చిన్న కత్తెర, రెండో నవల కాగితాలు. పొద్దున్నే లేచి అవి తీసింది, సర్దింది, మళ్లీ తీసింది. వాళ్లలో ఎవరైనా వద్దంటే ఎలా అని భర్తను అడిగింది. వద్దంటే వద్దు, కావాలంటే కావాలి, నువ్వు బస్సెక్కు అన్నాడు పంపుల ఆయన. అందరూ వద్దంటే? అప్పుడు ఆలోచిద్దాం అన్నాడు. బస్సు కదిలాక కూడా ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి, కుట్టాల్సిన యూనిఫారాల సంగతి పిన్నికి అరిచి చెబుతూనే ఉంది. పిన్ని వినబడనట్టు చెయ్యి ఊపింది.

పంపుల ఆయన తిరిగొచ్చి దుకాణం షట్టరు దించాడు. ఆమె సుద్దముక్కే తీసుకుని, వంకర అక్షరాలతో షట్టరు మీద రాశాడు: కత్తెరక్క ఊళ్లో లేదు. ఆల్టరేషనులు ఉంటే పిన్నికి ఇవ్వండి. తిరిగి వచ్చేది డిసెంబరు పద్దెనిమిది, శుక్రవారం.